పడవ రంగు ఫ్రిజ్

గంగాలమ్మ ఇంట్లో ఫ్రిజ్ ఏదో కొత్తగా వచ్చినవాళ్ళకి ఓ పట్టాన తెలిసేది కాదు. గుమ్మం పక్కన ఇటుకల మీద నిలబడి ఉన్న పెట్టెని చూసి బీరువా అనుకునేవారు. ఒళ్ళంతా ముదురు నీలం, నడుముకి అడ్డంగా ఎర్ర పట్టీ, కింద పసుపు. అవి ఆ జాలర్ల పేటలో పడవలకి వేసే రంగులే. ఉప్పుగాలికి ఇనుప సామాను రెండేళ్ళలో తుప్పు రాలిపోయే చోట ఓ ఫ్రిజ్ ఇరవయ్యారేళ్ళు నిలిచిందంటే ఆ రంగుల పుణ్యమే. ఏటా పడవలకి రంగులు వేసే రోజుల్లో డబ్బాల అడుగున మిగిలింది అడిగి తెచ్చుకుని, తనే బ్రష్షు పట్టుకుని పూసేది. ఒక ఏడాది నీలం దొరక్క ఆకుపచ్చ పూసింది. ఇంట్లో ఎవరో పరాయివాళ్ళు దిగినట్టుందని ఆ ఏడాదంతా తిట్టుకుంది. తిట్టడం ఆవిడకి మాట్లాడ్డంలో ఓ భాగం. పేటలో ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు.

ఆ ఫ్రిజ్‌లో పెరుగు పెట్టలేదు. వంకాయ పెట్టలేదు. పొద్దున్న మిగిలిన కూర పెడతానని మొగుడంటే, "కూర మిగిలేలా వండినోళ్ళెవరు ముందు" అని నోరు మూయించింది. అందులో ఉండేవి నీళ్ళు. కడిగి ఆరబెట్టిన పాల పేకెట్లలో నీళ్ళు నింపి, మూతి బిగించి కట్టి, పైన గడ్డకట్టే అరలో పేర్చేది. వాటి పక్కన స్టీలు బాక్సుల్లోనూ నీళ్ళే. కింది అరల్లో సీసాలు, వాటిలోనూ నీళ్ళే. తెల్లారేసరికి అదంతా ఐసు. ఒడ్డున వేలం పాట పాడి కొన్న చేపల్ని తట్టలో ఓ వరస పేర్చి, రాయితో నలగ్గొట్టిన ఐసు ఓ వరస చల్లి, పైన తడి గోనె కప్పి, మధురవాడ బయల్దేరేది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే తొంభై ఎనిమిదికి వెళ్ళాలి.

అప్పట్లో ఆవిడ మొగుడు అర్జునరావు మరబోటు మీద పనిచేసేవాడు. మంచి చెయ్యి అని పేరు. ఓ వర్షాకాలం పొద్దున వల లాగే యంత్రం తాడు అతని కుడి చేతిని పట్టేసింది. రెండు వేళ్ళు అక్కడే పోయాయి. మిగిలిన మూడూ ఉన్నాయన్న మాటే గాని ముడుచుకోవు. గ్లాసు పట్టుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు. ఆ చేతికి తాడు దొరకదు, తెడ్డు దొరకదు. సముద్రం మీదకి పోయే బతుకు అతనికి ముప్పై తొమ్మిదో ఏట అయిపోయింది.

అంతకుముందు మొగుడి వాటాకి వచ్చిన చేపల్ని గంగాలమ్మ ఒడ్డునే అమ్మేసి వచ్చేది. ఇప్పుడు వాటా లేదు. పరాయి పడవల చేపల్ని పాటలో కొనుక్కోవాలి. కొన్నదాన్ని అక్కడే అమ్మితే ఏం మిగులుతుంది? దూరం మోసుకుపోవాలి. అప్పటికి మధురవాడ అంటే జీడితోటలూ, ఎర్రమట్టి దారులూ, అక్కడక్కడ కాలనీ ఇళ్ళూ. సముద్రం నుంచి ఆరు కిలోమీటర్లు. అక్కడివాళ్ళు మంచి చేప కనిపిస్తే బేరం ఆడకుండా కొనేవారు. చిక్కల్లా ఎండతోనే. పదకొండు దాటేసరికి చేప కన్ను తెల్లబడేది. పన్నెండుకి సగం ధర. ఒంటిగంటకి ఎవరు ఎంతిస్తే అంత. ఐసు కొందామంటే పేటకి ఐసు తెచ్చే బండివాడు వాడికి తోచిన రేటు చెప్పేవాడు, వాడు వచ్చేసరికి సగం నీళ్ళయిపోయేది.

ఏదైనా కొనేటప్పుడు గంగాలమ్మ ధర ఒక్కటే అడిగేది కాదు. ఇంకో ప్రశ్న ఉండేది. "ఇది ఎన్నాళ్ళకి నాకు కూడు పెడుద్ది?" వెదురు తట్ట ఏటా వానలకి కుళ్ళిపోతోందని పేటలో అందరికంటే ముందు సిల్వర్ తట్ట కొన్నది ఆవిడే. తక్కిన ఆడవాళ్ళు పెళ్ళికూతురు సారె మోస్తోందని నవ్వారు. మూడేళ్ళకి అందరి నెత్తినా సిల్వర్ తట్టలే.

చేతికి జరిగిన నష్టానికి బోటు యజమాని కొంత డబ్బు ఇచ్చాడు. దాంతో ఓ చిన్న తెప్పలో వాటా కొనాలని అర్జునరావు ఆశ. తను పోలేకపోయినా తన పేరు మీద ఓ పడవ నీళ్ళల్లో ఉంటుంది కదా అని. అదే నెలలో గాజువాకలో ఇళ్ళల్లో పనిచేసే చుట్టాలావిడ కబురు చెప్పింది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో భీమశంకరరావు అనే ఆఫీసరు గారికి బదిలీ అయింది, సామాను అమ్మేస్తున్నారు, ఫ్రిజ్ కూడా ఉంది.

గంగాలమ్మ రెండు బస్సులు మారి వెళ్ళింది. ఆఫీసరు గారి భార్య ఫ్రిజ్ తెరిచి, ఇక్కడ గుడ్లు, ఇక్కడ కూరలు, ఇక్కడ వెన్న అని చూపించింది. గంగాలమ్మ అంతా విని, "ఐసు ఎంత కడద్దమ్మా?" అంది. ఆవిడ పైన ట్రే చూపించింది. గంగాలమ్మ ట్రే తీసి పక్కన పెట్టేసి, గడ్డకట్టే అరలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి కొలుచుకుంది. తెప్పకని దాచిన డబ్బుతోనే బేరం కుదిరింది.

ఆటోనగర్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే తిరుమలరావు దాన్ని తన ట్రాలీ ఆటోలో ఎక్కించి పేటకి తెచ్చాడు. సందులో జనం మూగారు. సముద్రం పక్కన ఇల్లు పెట్టుకుని చల్లదనం కొనుక్కుందేటి ఇది, అని ఒకావిడ. అర్జునరావు మాత్రం గుమ్మంలోకి రాలేదు. ఒడ్డున బోర్లించిన పడవ నీడలో కూర్చున్నాడు. మూడు నెలలు పెళ్ళాంతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత్తర్వాత మాత్రం ఎవరైనా వస్తే తనే చూపించేవాడు. "ఇది ఉత్త ఫ్రిజ్ కాదు బావా. నా రెండు వేళ్ళూ ఇందులోనే ఉన్నాయి" అని నవ్వేవాడు. అలా నవ్వడానికి అతనికి ఎంత కాలం పట్టిందో గంగాలమ్మకి తెలుసు.

ఆ రోజు తిరుమలరావు ప్లగ్గు పెట్టి, వెళ్ళేముందు అక్క వరస కలిపి ఒకే మాట చెప్పాడు. "అప్పా, పేకెట్లు మంచుకి అంటుకుపోతాయి. రాకపోతే కాసిన్ని నీళ్ళు పోసి, సెక్క గరిటె కాడతో నెమ్మదిగా లేపు. కత్తి మాత్రం ఎట్టకు. ఈ రేకు లోపలే గ్యాసు తిరుగుతాది. చిల్లు పడిందా, ఇంక అంతే." ఆనాటి నుంచి ఓ చెక్క గరిటె ఫ్రిజ్ నెత్తి మీదే ఉండేది. దాన్ని కూరలో తిప్పడానికి ఎవరూ తియ్యకూడదు.

ఒక్క వేట కాలంలో, ఐసు బండివాడికి పోసే డబ్బుతోనే ఫ్రిజ్ తన ధర తను తీర్చేసింది. అసలు లాభం అది కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా గంగాలమ్మ తట్టలో చేప పొద్దుటి చేపలాగే ఉండేది. సగం ధరకి ఇచ్చెయ్యాల్సిన అగత్యం పోయింది. ఇంటికి శ్లాబు పడింది. కొడుకు వాసు చదువుకున్నాడు. పక్కింటి ముసలావిడ షుగరు ఇంజక్షన్లకి మాత్రం సీసాల పక్కన చోటిచ్చింది. మల్లెపూలు పెడతామని వచ్చిన పెళ్ళివారిని పొమ్మంది. ఎండ మండిన సాయంత్రాలు సందులో పిల్లలంతా ఆ గుమ్మం ముందే. పగిలిన ముక్కలు చేతిలో పెట్టించుకుని చప్పరిస్తూ పోయేవారు. ఇప్పుడు వాళ్ళకే పిల్లలున్నారు. హుద్‌హుద్ తుపాను వస్తోందన్నప్పుడు పేట జనం గుడ్డలు, కాగితాలు మూటకట్టుకుంటే గంగాలమ్మ వల తాళ్ళతో ఫ్రిజ్‌ని స్తంభానికి కట్టింది. పన్నెండు రోజులకి కరెంటు వచ్చి మోటారు గుర్రుమన్నప్పుడు, అప్పటిదాకా ఏడవని మనిషి ఏడ్చింది. ఇంటి మీద రేకుల షెడ్డు ఎగిరిపోయినందుకు కూడా అంత ఏడవలేదు.

ఏటా వేసవిలో చేపల వేట ఆపే రెండు నెలలూ ఫ్రిజ్ కూడా ఆపేసేది. తలుపు మూసుకోకుండా రాయి అడ్డుపెట్టి, దానికీ సెలవే అనేది.

వాసు పెద్దవాడై కారు కొనుక్కున్నాడు. మధురవాడలో కంప్యూటర్ ఆఫీసులకి క్యాబ్ తిప్పుతాడు, కాపురం అక్కడే. ఎర్రటి ఎండలో తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే, కారాపి చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి. ఇంక మానెయ్యమని పోరేవాడు. పదేళ్ళ కిందట ఓ రోజు విసుగొచ్చి గంగాలమ్మ అంది. "ఈ ఫ్రిజ్ ఆగిననాడు నాను తట్ట దించేత్తాను. సముద్రం మీదొట్టు. సాలా?" పేటలో ఆ ఒట్టు పెట్టి తప్పినవాళ్ళు లేరు. వాసు సరే అన్నాడు. పాత సామాను, ఎంతకాలం ఆడుతుందిలే అనుకున్నాడు. అది పదేళ్ళు ఆడింది.

ఈ ఏడాది వేట తెరిచాక, జూన్ ఇరవయ్యో తారీకు దాటాక, ఓ సోమవారం పొద్దున్న ఫ్రిజ్ ఆగిపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది. చల్లదనం లేదు. సాయంత్రానికి పేకెట్లన్నీ మెత్తబడి నీళ్ళు కారాయి. రెండు నెలలు ఖాళీగా కూర్చుని, చేప బాగా పడుతున్న రోజులు. మంగళవారం గంగాలమ్మ తట్ట ఎత్తలేదు. ఎత్తకపోవడానికి ఐసు ఒక్కటే కారణం కాదు. ఒట్టు ఉంది. తట్ట దించేస్తే తను ఇంట్లో ఏం చేస్తుంది? అరవై రెండేళ్ళ వయసులో పొద్దున్నే లేచి ఎక్కడికీ పోనక్కర్లేదంటే ఆవిడకి భయమేసింది. అది కోపంగా బయటికొచ్చింది. పిల్లిని తిట్టింది, కరెంటాఫీసుని తిట్టింది, వాసు నిరుడు పెట్టించిన కొత్త ఎల్ఈడీ బల్బుని తిట్టింది. బిల్లు తగ్గుతుందని పెట్టాడు గాని దాని వెలుగు వెలుగేనా, పొద్దున్నే ఏదీ సరిగ్గా ఆనదు. ఆ మాట ఏడాదిగా అంటూనే ఉంది.

బుధవారం తిరుమలరావు వచ్చాడు. అతనికీ జుట్టు నెరిసిపోయింది. ఫ్రిజ్ ముందు చతికిలబడి, టార్చి వేసి, గడ్డకట్టే అరలో వేలు పెట్టి తడిమి చూశాడు.

"అప్పా, మోటారు నిచ్చేపంలా ఉంది. ఇంకో పదేళ్ళు ఆడుద్ది. ఇదిగో, ఇటు సూడు. రేకుకి చిల్లు. గ్యాసంతా పోనాది."

"చిల్లేటి? ఎలగ పడ్డాది?"

"కత్తి పోటు. మొన ఆనవాలు తెలిసిపోతంది. అతికినా ఈ పాత గ్యాసు ఇప్పుడు దొరకదు. ఒగ్గెయ్యి, దీని పనయిపోనాది."

గంగాలమ్మ వెనక్కి తిరిగింది. ఆ ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళాం ఇద్దరే. అర్జునరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నానే" అన్నాడు అర్జునరావు. "ఆదోరం పొద్దున్న నీకు సాయంగా ఉంటాదని పేకెట్లు తీయబోనాను. రానేదు. కత్తెట్టి పొడిసాను."

ఆ తర్వాత గంగాలమ్మ అన్న మాటలు రాయకపోవడమే మంచిది. ఇరవయ్యారేళ్ళు కాపాడుకున్నదాన్ని ఒక్క పోటుతో చంపావన్నది. సాయం చెయ్యమని నిన్నెవడు అడిగాడు, ఇన్నేళ్ళూ చెయ్యని సాయం ఇప్పుడేటి అన్నది. ఆ మాటకి అతను తలెత్తి ఓసారి చూసి, మళ్ళీ దించుకున్నాడు. తిరుమలరావు సంచీ సర్దుకుని, డబ్బులు తీసుకోకుండానే జారుకున్నాడు.

సాయంత్రం వాసు వచ్చాడు. విషయం విన్నాడు. తల్లి వైపు చూసి ఏదో అనబోయేలోపు అర్జునరావే అందుకున్నాడు. "ఒరే, మీయమ్మ ఒట్టు ఫ్రిజ్ దానంతటది ఆగితేనని. ఇది ఆగలేదు. నాను సంపేసాను. ఒట్టు దీనికి తగల్దు." వాసుకి కోపమూ, నవ్వూ కలిసి వచ్చాయి. మీ ఇష్టం, రేపు మాట్లాడదాం అని వెళ్ళిపోయాడు.

రాత్రి వంజరం ముక్క పులుసు పెట్టింది. కోపం కోపమే, కూడు కూడే. మొగుడి కంచంలో చేప ముక్క వేసి, రోజూలాగే తనే ముల్లు తీసి, చిన్న ముక్కలుగా విడదీసి అతని వైపు జరిపింది. అతను ఎడమ చేత్తో తినసాగాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

గంగాలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈ మనిషి చేప ముల్లు తీసుకోలేడు. తాడు ముడి బిగించలేడు. కత్తి పట్టుకుని గడ్డకట్టిన మంచులో దిగేసి, రేకు దాకా పొడిచాడా? ఎడమ చేత్తో అయినా అంత బలంగా పొడవాలంటే రెండో చెయ్యి పెట్టెని పట్టుకోవాలి.

అప్పుడు ఆదివారం పొద్దున గుర్తొచ్చింది. బల్బు మసగ్గా ఉంది. ఫ్రిజ్ నెత్తి మీద చెయ్యి పెట్టి తడిమి, చేతికి తగిలింది తీసుకుని, పేకెట్ల కింద పెట్టి పైకి లేపింది. గరిటె కాడ ఇవాళ ఇంత సన్నగా ఉందేంటి అనిపించింది కూడా. అనిపించి, ఊరుకుంది. చేపలు కోసే కత్తిని అక్కడ పెట్టింది కూడా తనే.

"మావా" అంది. "నువ్వు కాదు. నానే."

అర్జునరావు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"సూసాను" అన్నాడు. "ఒద్దనేలోపే అయిపోనాది."

"మరి నామీద సెప్పనేదేం?"

"ఏటని సెప్పాల? నీకు కన్ను కనపడ్డం నేదనా? ఏడాదై సూత్తన్నాను. నోటు తడిమి సూసుకుంటన్నావు. సేప మొగం సూడకుండా వాసన సూత్తన్నావు. బల్బు బాగోనేదంటన్నావు. బల్బు బాగానే ఉందే. వాసుకి తెలిస్తే రేపే తట్ట మానిపించేత్తాడు. నామీదేసుకుంటే ఒట్టూ తగల్దు, నీ కన్ను సంగతీ బయటికి రాదు. అందుకని."

గంగాలమ్మ తన కంచం పక్కకి జరిపేసింది. పొద్దున్న తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తుంటే వినలేకపోయింది. ఇన్నేళ్ళూ చెయ్యని సాయం అన్న మాట అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకుంది. కంట్లో పొర కమ్ముతోందని ఆవిడకి తెలుసు. తెలిసీ దాచింది. కన్ను చూపించుకుంటే ఆపరేషన్ అంటారు, ఆపరేషన్ అంటే నెల్లాళ్ళు నెత్తిన బరువు పెట్టకూడదంటారు, ఒకసారి దించిన తట్ట మళ్ళీ ఎత్తనిస్తారా? అదీ భయం.

మర్నాడు వాసు వచ్చేసరికి ఆవిడే మొదలుపెట్టింది. "మీ నాన్న అబద్దం ఆడాడు. పొడిసింది నాను. కన్ను ఆనక పొడిసాను. ఒట్టు ఒట్టే. తట్ట దించేసాను."

వాసు గెలిచినవాడిలా లేడు. తల్లి పక్కన కూర్చుని, కన్ను బాగుచేయించుకుందాం, కొత్త ఫ్రిజ్ కొందాం, ఐదు స్టార్లది, కరెంటు సగం కూడా కాలదు, అందులో పెరుగూ కూరలూ పెట్టుకో అని నెమ్మదిగా చెబుతున్నాడు.

"నెల్రోజులు తట్ట నాది" అన్నాడు అర్జునరావు.

ఇద్దరూ తిరిగి చూశారు.

"అది దించుతానంది. నానెత్తనని ఒట్టెట్టలేదు. కన్ను బాగైందాకా మధురవాడ నాను ఎల్తాను. తర్వాత దాని ఇట్టం. పాత ఫ్రిజ్ ఒట్టు పాత ఫ్రిజ్‌తో పోనాది."

ఆ పేటలో మగవాడు చేపలు పడతాడు, ఆడది అమ్ముతుంది. మగవాడు తట్ట ముందు కూర్చుని, కేజీ ఎంతా అని అడిగించుకోవడం ఎవరూ చూడలేదు. చెయ్యి పోయాక కూడా, ఇంట్లో అన్నం వండాడు గాని అర్జునరావు ఆ తట్టని గుమ్మం దాటించలేదు. పెళ్ళాం నెత్తికెత్తుకుంటుంటే మొహం తిప్పుకునేవాడు. ఆ సిగ్గు ఎంత పెద్దదో గంగాలమ్మకి తెలుసు కాబట్టే ఎన్నడూ అడగలేదు. "జనం నవ్వుతారు మావా" అంది. "నవ్వనీ" అన్నాడు. "ఆళ్ళకీ పనుండాల కదా."

శనివారం కొత్త ఫ్రిజ్ వచ్చింది. తెల్లగా, ఎత్తుగా, లోపల మంచు పేరుకోకుండా దానికదే చూసుకునేది. అర్జునరావు ఎవరికీ చెప్పకుండా పాల పేకెట్లలో నీళ్ళు నింపి, మూతుల్ని పళ్ళతో పట్టి కట్టి, పై అర నింపేశాడు. పెరుగుకి చోటు మిగల్లేదు. పాతదాన్ని పాత సామాన్లవాడు మోసుకుపోతుంటే గంగాలమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సోమవారం కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టి పంపారు. దగ్గొద్దు, వంగొద్దు, తలస్నానం వద్దు, కంట్లో నీళ్ళు పడనివ్వద్దు అన్నాడు డాక్టరు.

బుధవారం పొద్దున్న అర్జునరావు తట్ట ఎత్తుకున్నాడు. గుడ్డ చుట్టకుదురు నెత్తిన పెట్టి, ఎడమ చేత్తో అంచు పట్టుకుని, కుడి మోచేత్తో సమానం చేసుకుంటూ సందులోంచి నడిచాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో ఆగమన్నారు. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని అడుగుల చప్పుడు విన్నది. అది ఆగలేదు.

ఆ పగలు గడవలేదు ఆవిడకి. చందువా చేప కేజీ ఎంతకివ్వాలో నాలుగుసార్లు చెప్పింది, గుర్తుంటుందా? అపార్టుమెంట్లలో ఉండే రోజారమణి చెప్పిన ధరకంటే యాభై తగ్గిస్తే గాని వదలదు. కోసిమ్మంటారు, ఈయన కోయలేడు, ఏం చెబుతాడు? పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. రెండున్నరకి వచ్చాడు. తట్ట దించి, గోడకి జారబడి కూర్చుని చెంబెడు నీళ్ళు తాగాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"అన్నీ పోనాయా?"

"పోనాయి. ఆ రోజారమణి గారు తనే కోసుకుంటానంది. నువ్వెలగున్నావని అందరూ అడిగారు."

"చందువా ఎంతకిచ్చావు?"

అతను చెప్పాడు. రెండొందలు నష్టం. గంగాలమ్మ తిట్టడానికి నోరు తెరిచింది.

"ఓలే" అన్నాడు అర్జునరావు, ఆవిడ మొదలుపెట్టకముందే. "ఆ అపార్టుమెంట్‌లో నన్ను లిఫ్టు ఎక్కనియ్యలేదు. సేపల కంపు కొడతాదంట. మెట్లెక్కి ఎల్లమన్నాడు వాచ్‌మేను. నీకూ అంతేనా?"

"అంతే."

"ఐదో అంతస్తు దాకా?"

"ఆళ్ళు పిలిస్తే ఎక్కాల కదా."

"రోజూనా?"

"రోజూనే మావా. ఇప్పుడేటయింది?"

అర్జునరావు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఎడమ చేత్తో పిక్కలు నొక్కుకున్నాడు. "నాకు ఒక్కనాడూ సెప్పలేదేటే" అన్నాడు.

"సెప్తే ఏటి సేత్తావు నువ్వు? బాదపడతావని సెప్పనేదు."

"ఏటీ సేయను. తెలిసుండేది." అతను ఖాళీ తట్టని దగ్గరికి లాక్కున్నాడు. "ఇరవయ్యారేళ్ళు. నువ్వింటికొచ్చి కాళ్ళు సాపుకుంటే, కూసుని అమ్ముకొచ్చిందానికి అలుపేటని లోపల అనుకునేవాణ్ణి. ఓలే గంగా, నాను అలగే అనుకునేవాణ్ణి."

కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పిన సంగతి గంగాలమ్మకి బాగానే గుర్తుంది. అయినా నల్ల కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.